మాట నేర్పడానికి తలకిందుల చిట్కాలు

టీచర్లకు నా మొదటి సలహా: ఉపన్యాస పోటీలు ఆపేయండి. ఆగస్టు 15 వచ్చినా, సెప్టెంబర్ 5 వచ్చినా ఎవరో రాసిచ్చిన కాగితం బట్టీపట్టి గడగడా అప్పజెప్పిన పిల్లకే కప్పు. మిగతా క్లాసంతా చప్పట్లకే పరిమితం. ఆ పిల్ల కూడా ఎవరితోనూ ఏమీ మాట్లాడలేదు, వల్లించిందంతే. పిల్లలకు అంశం ఇవ్వకండి, పని ఇవ్వండి.

ఉదాహరణకు 108కి ఫోన్. (ఉత్తుత్తి ఫోనే సుమా, ఆ లైను ఆపదలో ఉన్నవాళ్లది.) ఇద్దరు పిల్లల్ని ఒకరి ముఖం ఒకరికి కనబడకుండా కూర్చోబెట్టండి. ఊరి బయట బైకు పడిపోయిందనుకుందాం. ఒకరు ఫోన్ చేయాలి, ఒకరు ఎత్తాలి. ఎక్కువమంది "నమస్కారం సార్, నా పేరు..." అని మొదలుపెడతారు. మనం నేర్పిన ఉపన్యాసం ఎత్తుగడే అది. ఇంకొందరు బైకు ఎంత స్పీడుగా వచ్చిందో సినిమా కథలా చెబుతారు. అంబులెన్సు బయల్దేరాలంటే కావలసినవి వేరు: ఏ మండలం, ఏ ఊరు, దగ్గర్లో గుడో బడో ఏముంది, ఎంతమందికి దెబ్బలు తగిలాయి, స్పృహ ఉందా, ఊపిరి ఆడుతోందా. "మా చెరువు కట్ట మీద" అంటాడు పిల్లవాడు. అప్పుడు మీరు నోరు మెదపకండి. "ఏ ఊరి చెరువు?" అని అవతలి పిల్లనే అడగనివ్వండి. తన కళ్లకు కనిపించేది అవతలివాళ్లకు కనిపించదని వాడికి అక్కడే అర్థమవుతుంది.

మాట్లాడుతుంటే భాష దిద్దకండి. "మా నాయన వచ్చిండు, సార్" అన్నవాణ్ణి "వచ్చారు అనాలి" అని ఆపితే, నాయన ఎందుకొచ్చాడో చెప్పకుండానే కూర్చుంటాడు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించాలని ముందు తానే ఆ భాష నేర్చుకున్నారు. పాలమూరు మాటో సిక్కోలు మాటో వినడానికి మనకేం కష్టం?

నోరు విప్పని పిల్లను బలవంతాన ముందుకు లాగొద్దు. ఫోన్ ఎత్తే పని ఆమెకివ్వండి, ప్రశ్నలతో మొదలుపెడుతుంది.

ఇక పరీక్షకు రాయించే ఉత్తరాలు. ఎవరికీ అందని ఉత్తరం ఎంత బాగుంటే ఏం లాభం? వాటి బదులు పంచాయతీకి సమాచార హక్కు దరఖాస్తు రాయించండి. 2005లో వచ్చిన ఆ చట్టం ప్రకారం మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. "మా వీధిని ఎందుకు పట్టించుకోవడం లేదు?" అని రాస్తారు పిల్లలు. కోపం న్యాయమైనదే, కానీ దానికి జవాబిచ్చే కాగితం ఏ బీరువాలోనూ ఉండదు. "పోయిన ఆర్థిక సంవత్సరంలో మా వార్డు వీధి దీపాలకు ఎంత ఖర్చయింది? బిల్లుల నకళ్లు ఇవ్వగలరు" అని మార్చమనండి. ఆ కాగితాలు ఆఫీసులో ఉండాలి, ఉంటే ఇవ్వాలి. మొదటి ప్రశ్న నుంచి రెండోదానికి రావడానికి ఒక పీరియడ్ అంతా పట్టినా తొందరపెట్టకండి. ఈ పాఠంలో అసలు సంగతి అదే.

మార్కులు మీరు వేయకండి. వచ్చిన జవాబు క్లాసులో చదివి, అడిగినదానికీ వచ్చినదానికీ పొంతన ఉందో లేదో పిల్లల్నే తేల్చమనండి. గడువు దాటినా జవాబు రాకపోతే మొదటి అప్పీలు ఎవరికి, ఎలా రాయాలన్నదే తర్వాతి పాఠం.