రాతిబ్రేకు మాహాత్మ్యము

పదునైదేండ్లు నిండిన మారుతి 800 కారు గల గృహస్థు, ఖమ్మము నుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా అడవిదారిని బడి భద్రాచలము చేరి, గోదావరి కరకట్ట కడ నేటవాలున బండి నాపి, హ్యాండ్‌బ్రేకు లివరును బావిలోని చేదవలె రెండు చేతులతో మీదికి లాగి, అది ధ్వజస్తంభమువలె నిలువున నిలిచినను కారు మాత్రము స్నానమునకు బయలుదేరిన యాత్రికునివలె మెల్లగా నదివైపు సాగుట గాంచి, యిసుమంతయు దొట్రుపడక, "రాయి పెట్టవోయ్!" అని బావమరిదిని కేకవేయును. ఆ బావమరిదిని నేనే యగుటచే ఈ విషయమున సాధికారముగా వ్రాయగలను. రాయి డిక్కీలో స్టెపినీ ప్రక్కనే యుండును. జాకీని ఇంటికడ మరచి వత్తుము గాని దానిని మరువము.

ఈ క్షేత్రమున శిలకు గౌరవము క్రొత్తగాదు. మేరుపుత్రుడైన భద్రుడు తపము చేసి కొండయై శ్రీరాముని శిరమున దాల్చెనని స్థలపురాణము. మా రాయి తపమేమియు జేయకయే మా కుటుంబమును ధరించుచున్నది.

రాయి నటుంచి, దానిని బ్రేకుగా నియమించిన సిద్ధాంతమును విచారింతము. ఏ షెడ్డున కేగినను, బండి క్రిందికి తొంగిచూడకయే మెకానిక్కు పలుకు వాక్యమొకటే: "కేబుల్ సాగింది సార్, నాలుగు చుట్లు బిగిస్తే అయిపోద్ది." ఉక్కుపోగులు పేని చేసిన తీగ క్రొత్తలో కొంత సాగుట నిజమే, కాని యేటేట, పండుగ పండుగకు సాగుటకు అదేమి బెల్లపు పాకమా? సాగినది తీగ గాదు, అరిగినవి వెనుక డ్రమ్ములలోని షూలు. లైనరు అరిగి డ్రమ్మునకు దూరమైన కొలది లివరు మరియొక పన్ను, మరియొక పన్ను పైకి లేవవలసి వచ్చును. కావున తీగను వదులుచేసి, ముందు డ్రమ్ముకడ షూలను సరిజేసి, ఆ పిమ్మటనే నట్టును ముట్టవలెను. ఈ వరుసను తలక్రిందుచేసి నట్టునే బిగించుచు బోయినచో, లివరు దించినను షూలు డ్రమ్మును విడువవు. జూలూరుపాడు దాటునప్పటికి చక్రము పెనమై, నీళ్లు చిలికిన చుయ్యిమనును.

వాగులు దాటిన బండ్ల సంగతి వేరు. నీరు తొడుగులో జొరబడి తీగ తుప్పుపట్టి, లాగిన రాదు, వదలిన పోదు. దానికి క్రొత్త కేబులే మందు. ముందు చక్రములకు రాయి పెట్టి (రాయికి ధర్మబద్ధమైన యుద్యోగ మిదియే), వెనుక చక్రములు రెంటిని పైకి లేపి, లివరు పన్ను పన్నుగా లాగుచు చేతితో త్రిప్పి చూచిన, ఒకటి బిగిసి మరియొకటి తిరుగుచుండెనేని దోషమే ప్రక్కనున్నదో తెలియును. అరగంట పని. రెండు నిమిషములలో నట్టు బిగియుచుండగా అరగంట యేలయని మా బావ.

భద్రాచలమున గోదావరి 43 అడుగులు చేరిన మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కు మూడవది యిత్తురు. 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు జూచిన యూరు గనుక, మొదటి హెచ్చరికకే జనము మూటలు సర్దుకొందురు. అట్టి వివేకవంతులే, ఆరేడు టక్కులకు పట్టవలసిన లివరు పదికి, పండ్రెండుకు, తుదకు పండ్లన్నియు ముగిసి పైకప్పు వంక జూచునప్పటికిని, "ఇంకా పడుతోందిగా" యని నిబ్బరముగా నుందురు.

1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళి, 96వ నియమమున, కాలితో నొక్కునది యొకటి, బండిని నిలిపి యుంచునది యొకటి, రెండు వేర్వేరు బ్రేకు లుండవలెనని చెప్పెను. రాయి యందు పేర్కొనబడలేదు. పదునైదేండ్ల పిమ్మట రిజిస్ట్రేషను పునరుద్ధరణకై బండిని చూపవలసిన దినమున మాత్రము నట్టు కడదాక బిగియును. కాగితము చేతికందిన సాయంకాలమే, చక్రములు వేడెక్కుచున్నవని, అదే పానా దానిని వదులు చేయును. గేరులో వేసి వదలిన చాలదా యనువారును గలరు. రింగులు అరిగిన యింజనులో కంప్రెషన్ ఎంత మిగిలినదో, మా వెనుక పొగ మ్రింగుచు వచ్చు స్కూటరువాని నడుగుడు.

మొన్న శ్రీరామనవమికి పోయి, దర్శనానంతరము రాయి తీసి డిక్కీలో బెట్టి బయలుదేరితిమి. బ్రేకు పడియున్నదని తెలుపు ఎర్రదీపము ఎన్నడో మాడిపోయినది. పాల్వంచలో టీ త్రాగుట కాగినప్పుడు, భద్రాచలమున లాగిన లివరు లాగినట్లే యున్నదని నేను చూపితిని. మా బావ దాని వంక కొంతసేపు చూచి, "చెప్పానా, కేబుల్ సాగింది" అనెను.