కాయిల్ పొట్లమునకు టీకా తాత్పర్యములు

మూలము: ఒరిజినల్ నైక్రోమ్ కాయిల్. హెవీ డ్యూటీ. 2000 వాట్స్. గ్యారంటీ లేదు.

అవతారిక: కరెంటు పొయ్యిలో కాయిల్ తెగిన గృహస్థు ఉప్పల్ రింగురోడ్డు చెంతనుగాని, నాచారము పారిశ్రామికవాడకు పోవు దారినిగాని ఎలక్ట్రికల్ దుకాణమునకేగి అడిగినచో చేతికి వచ్చు పొట్లముమీద ముద్రింపబడియుండు చతుష్పాద సూత్రమిది. తయారుచేసినవాని పేరుగాని ఊరుగాని పొట్లముపై నెచ్చటను కానరానందున అపౌరుషేయమని తలంచుటకు అవకాశమున్నది. ప్రతులు రెండు లభించినవి. ఉప్పల్ ప్రతిలో నైక్రోమ్ అనియు, నాచారము ప్రతిలో నిక్రోమ్ అనియు పాఠభేదము. నాచారము ప్రతిలో అచ్చుపడిన 1000 మీద బాల్‌పెన్నుతో 2000 అని దిద్దియున్నది. ఇది ప్రక్షిప్తమో, కర్త స్వహస్త సంస్కారమో పండితులు తేల్పవలయును. మెదకుసీమ కొలచారమువాడని ప్రసిద్ధినొందిన మల్లినాథసూరి, ఆధారము లేనిది వ్రాయననియు అక్కరలేనిది పలుకననియు ప్రతినపట్టి కాళిదాస కావ్యములకు సంజీవని సంతరించెను. అట్టి ప్రతిన మాకు లేదు. మూలముననే ఏమియు లేనప్పుడు వ్యాఖ్యాత దానిని పాటించుట యెట్లు?

టీక: ఒరిజినల్, హెవీ డ్యూటీ అనునవి సుగమములు.

నైక్రోమ్ అనగా నికెలు 80 పాళ్లు, క్రోమియము 20 పాళ్లు కలిసిన మిశ్రలోహము. ఆల్బర్ట్ మార్ష్ దీనిని సాధించి 1906లో పేటెంటు పొందెను. రసరత్నసముచ్చయము కంచునకు ఎనిమిది పాళ్లు రాగి, రెండు పాళ్లు తగరము విధించినది. నిష్పత్తి అదియే, లోహములు వేరు. నికెలు 1751లోను, క్రోమియము 1797లోను పడమటివారికి ప్రత్యేక ధాతువులుగా తెలియవచ్చినవి గనుక మన రసశాస్త్రజ్ఞులు వీనిని పేర్కొనలేదని కినియ పనిలేదు. మన లోహకారులు ఇనుముతోనే చేసిన పని సామాన్యమా? నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమను పల్లెలో మూసలలో కరగించిన ఉక్కుముద్దలు పారసీకమునకు పోయి, డమాస్కసు ఖడ్గములని లోకము కీర్తించిన కత్తులకు ముడిసరుకైనవి. పందొమ్మిదవ శతాబ్ది మొదటి పాదమున వాయిసీ అను ఆంగ్లేయ భూగర్భ శాస్త్రజ్ఞుడు ఆ యూరికి పోయినప్పుడు, ఇస్ఫహాను నుండి వచ్చిన వర్తకుడొకడు కొలిమియొద్ద బసచేసి, మూసలోనికి పోవు ఇనుమును తన యెదుటనే తూచించి, చల్లార్పుపని ముగియువరకు దగ్గరుండి చూచుట కనుగొని వ్రాసియుంచెను. దేశములు దాటి వచ్చిన ఆ కొనుగోలుదారునకు మూసలో ఏమి పడుచున్నదో చూచు హక్కు ఉండెను. విసుగుకొనక చూపు ఓర్పు ఆ కమ్మరికి ఉండెను. ఒకడు వ్రేలితో తట్టి, రెండవవాడు తల యూపి, సరకు కుదిరినదనుకొను ఆ దృశ్యమును తలచుకొన్న కొలది వ్యాఖ్యాతకు మూలమువంక చూడ బుద్ధిపుట్టకున్నది. ఉప్పల్ మెట్రోస్టేషను దిగి వచ్చినవానికి అంతటి భాగ్యము లేదు. ఉన్నది ఒరిజినల్ అను విశేషణ మొక్కటియే.

ప్రకృతము. వట్టి ఇనుప తీగను గాలిలో ఎర్రగా కాల్చినచో తుప్పు పొరలుగా రాలి త్వరలోనే తెగును. నైక్రోము కాలినప్పుడు క్రోమియము గాలిలోని ఆక్సిజనుతో కూడి పైని పలుచని పొరగా ఏర్పడి లోపలి లోహమును కాచును. ఇదే కార్యమును అల్యూమినియము ఆక్సైడు పొరతో నెరవేర్చునది ఇనుము, క్రోమియము, అల్యూమినియముల మిశ్రమము. దీనిని స్వీడను దేశమున హాల్స్టాహమ్మర్ పట్టణమున హాన్స్ ఫాన్ కాంట్సో కూర్చెను, అది కాంతల్ అను పేర లోకమున వ్యాపించెను. నైక్రోము 1200 డిగ్రీల సెంటీగ్రేడుకు నిలుచునెడ ఇందులో మేలిరకము 1400 వరకు నిలుచును. కాని ఒకమారు ఎర్రనైన పిమ్మట పెళుసెక్కి వంచినచో పుటుక్కున విరుగును, నైక్రోము వంగును. ఇ-సిగరెట్లను పొగయంత్రములకు వేలెడు పొడవు తీగను చుట్టు విదేశీ రసికులు ఈ రెంటికి తోడు స్టెయిన్‌లెస్ స్టీలు, టైటానియము, నికెలులను గూర్చి పూర్వోత్తరపక్షములు సాగింతురు; అట్టి యంత్రముల అమ్మకము మన దేశమున 2019లో నిషిద్ధమైనందున ఆ శాఖను విడిచితిమి. వారు కనీసము లోహము పేరడిగి కొందురని మాత్రము ఒప్పుకొనవలయును.

ఇచట పూర్వపక్షము. ఏ తీగయో చెప్పుడని అడిగినవారితో దుకాణదారు, “అన్నీ ఒకటే సార్, ఎర్రగైతే సాలు గదా” అనును. సమాధానము: ఒకటి కావు. 80-20 నైక్రోమును అయస్కాంతము లాగదు. ఇనుము కలిసిన ఆ రెండవదానిని లాగును. అయస్కాంతము జేబునుండి తీసినంతనే అంతవరకు సార్ అన్నవాడు మొగము త్రిప్పుకొనును. రెండవ లోహము హీనమని మా యభిప్రాయము కాదు. అది ఉత్తమమే, చౌకయు. దాని పేరు దానికుండగా పెరవాని పేరుతో అమ్ముటయే మా ఆక్షేపము.

2000 వాట్స్: ఇది లక్షణము కాదు, ఫలము. 230 వోల్టులవద్ద 2000 వాట్లు రావలెనన్న తీగ నిరోధము సుమారు ఇరువదియారున్నర ఓములుండవలయును. 24 గేజీ నైక్రోము తీగకు ఇది సుమారు 6 మీటర్లు. గేజీ చెప్పరు, పొడవు చెప్పరు, ఓములు చెప్పరు. తెగినచోట మెలివేసి మరల తగిలించు సంప్రదాయము మన వంటిండ్లలోను, రామంతాపూరు బ్రహ్మచారుల గదులలోను స్థిరపడియున్నది. అట్లు మెలివేయగా మెలివేయగా ఆరు మీటర్లలో ఒకటి తగ్గినచో, అదే వోల్టేజికి 2400 వాట్లగును, కరెంటు పదిన్నర ఆంపియర్లకు చేరువగును. తక్కువ తీగమీద ఎక్కువ వేడి పడి కాయిల్ మరింత త్వరగా తెగును. దానిని ఐదు ఆంపియర్ల ప్లగ్గునకు తగిలించినవాని గోడలోని వైరు కరగుటకు కాయిల్‌ను నిందించి లాభము లేదు. సంఖ్య ఒక్కటి పెద్దగా అచ్చువేసి తక్కినవి దాచినవానిని నిందింపవచ్చును.

గ్యారంటీ లేదు: నాలుగు పాదములలో సత్యమని రుజువైన పాదమిది యొక్కటియే. అయినను శంక: ఆప్తుని వాక్యము ప్రమాణమని నైయాయికులందురు, తన మాటకు తానే పూచీపడననువాడు ఆప్తుడెట్లగును? కాకున్న, మొదటి పాదమునందలి ఒరిజినల్‌ను ఎవరి మాటమీద నమ్మవలయును? దీనికి పరిహారము రెండు ప్రతులలోను దొరకలేదు.

తాత్పర్యము: ఈ పొట్లములో ఒక తీగ కలదు.

ఉప్పల్, నాచారము ప్రాంతముల కొనువారికి మనవి. ఒక చిన్న అయస్కాంతమును వెంట తీసికొని పొండు. లోహమేదో, గేజీ ఎంతో, పొడవెంతో అడుగుడు. మీటరుతో ఓములు చూపుమనుడు. ఆ మీటరు ఎలక్ట్రికల్ దుకాణములలో సాధారణముగా ఉండును. చూపనివానివద్ద కొనకుడు. పొయ్యిని 16 ఆంపియర్ల సాకెట్టుకే తగిలింపుడు.