పొణికి హెలికాప్టరు ఆత్మకథ

కొండపల్లి బొమ్మలలో మనిషి లేని పనిముట్టు అరుదు. తాడిచెట్టును చెక్కితే దాని మీద గీతకార్మికుడు ఉంటాడు, ఏనుగును చెక్కితే మెడ మీద మావటి, అంబారీలో రాజు ఉంటారు, ఎడ్లబండికి తోలేవాడు తప్పడు. ఈ ఆత్మకథ చెప్పుకొంటున్న హెలికాప్టరు బొమ్మకు మాత్రం ఆ భాగ్యం దక్కలేదు; తలుపు ఉండవలసిన చోట బొటనవేలు పట్టేంత తొర్ర ఉంది, తొర్రలో ఎవరూ లేరు. ఆత్మకథలకు ఉత్తమపురుష ఆనవాయితీయే అయినా, లోపల మనిషే లేని వస్తువుకు ఆ హక్కు ఎక్కడిది అన్న బిడియంతో ఇది తన కథను పరాయి కథలాగే చెప్పుకొంటుంది.

పుట్టుక గురించి చెప్పవలసింది తక్కువ. కొండపల్లి కొండలలో పెరిగే తేలికైన తెల్లపొణికి కర్రను సెగ మీద ఆరబెట్టి, చెక్కి, చింతగింజల పొడిలో రంపపుపొట్టు కలిపిన మక్కు అనే ముద్దతో అతుకులు కలిపి, రంగులు వేశారు. నెత్తిమీది రెక్కలనూ మక్కుతోనే బిగించినందువల్ల అవి ఒక్కనాడూ తిరగలేదు. బెజవాడ సింగ్‌నగర్‌లో దీన్ని కొనుక్కున్న ఇంటి పిల్లవాడు మొదటిరోజే రెక్కలను తిప్పబోయి ఒకదాని కొన విరిచాడు, రెండోరోజు నుంచి దీని ముఖం చూడలేదు. ఆ తరువాత అద్దాల బీరువాలో, సంక్రాంతి కొలువులోనైతే దశావతారాల వెనక వరసలో, విరిగిన వైపు గోడకు తిప్పి ఉంచారు. దుమ్ము తుడిచే చేతులు సైతం పెళ్లికూతురు బొమ్మ దగ్గరే ఆగిపోయేవి.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానలకు మైలవరం వైపు కొండల నుంచి దిగే బుడమేరు పొంగి, ఆ నీటిని కృష్ణకు మళ్లించే కాలువ కొండపల్లి దాపున మూడు చోట్ల తెగింది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో రికార్డు స్థాయిలో పారుతున్నది. పుట్టిన ఊరి పక్క నుంచి వచ్చిన నీరే బీరువాను పడదోసింది. ఇత్తడి సామాను మునిగిపోగా తెల్లపొణికి తేలింది, తేలినదాన్ని ఎవరో బక్కెట్లో వేసి డాబా మీదికి చేర్చి పిట్టగోడ మీద పెట్టారు. సవతి తమ్ముడో పెద్దన్నో తెలియదు గానీ, అసలు హెలికాప్టరును ఈ బొమ్మ చూసింది అక్కడి నుంచే.

ఆ రోజులలో నౌకాదళం, వాయుసేన హెలికాప్టర్లు బెజవాడ డాబాల మీద ఆహారపు పొట్లాలు, నీళ్ల సీసాలు జారవిడిచాయి. గాలిలో ఒకేచోట నిలవడమే హెలికాప్టరు విద్య. అయితే తన బరువును మోయడానికి సరిపడా బలంతో అది గాలిని కిందికి నెట్టవలసి ఉంటుంది గనుక, అయిదున్నర టన్నుల వరకు బరువుతో ఎగరగల ధ్రువ్ హెలికాప్టరు నిలిచిన చోట రేకులు లేస్తాయి, ఆరేసిన బట్టలు ఎగిరిపోతాయి. తాడుతో మనుషులను పైకి లాగవలసి వస్తే చిక్కు మరింత పెరుగుతుంది. పైలటుకు తన కింద ఉన్నది కనిపించదు, కాబట్టి తలుపు దగ్గర మోకరించి వంగి చూసే సహాయకుడు ‘ముందుకు, కొంచెం ఎడమకు, ఆపండి’ అంటూ చెప్పే మాటల మీదే యంత్రం కదులుతుంది, తాడు మీద దిగేవాడి ప్రాణమూ ఆ మాటల మీదే వేలాడుతుంది. రెక్కల రాపిడికి పుట్టే స్థిర విద్యుత్తు షాకు కొట్టకుండా, కొక్కేన్ని ముందు నేలకో నీటికో తగలనిచ్చాకే చేత్తో పట్టుకోవాలి.

అదే గాలిని నిప్పు మీదికి తిప్పినవారూ ఉన్నారు. 1960లలో వియత్నాం, థాయిలాండ్ వైమానిక స్థావరాలలో అమెరికా వాయుసేన ఉంచిన హస్కీ అనే హెలికాప్టరు, సుమారు 450 కిలోల నురుగు పరికరాన్ని పొట్ట కింద వేలాడదీసుకుని, కూలిన విమానం దగ్గర అగ్నిమాపకులను దించేది. ఆపైన మంటకు ఎదురుగా నిలిచి, కిందికి కొట్టే గాలితో జ్వాలలను అటు తోసి, లోపల చిక్కుకున్నవారి దగ్గరికి అగ్నిమాపకులు వెళ్లేంత దారి తెరిచేది. తెలుగునేల మీద 2014 మార్చిలో శేషాచలం అడవి అంటుకున్నప్పుడు మంటలార్పడానికి వచ్చినవీ వాయుసేన హెలికాప్టర్లే. ఎక్కడ చూసినా వార్తల్లో ఫొటో యంత్రానిది, తలుపు దగ్గరివాడిది కాదు. శిల్పి ఆ ఫొటోలు చూసే దీన్ని చెక్కి ఉంటాడు. చెట్టు మీద మనిషిని మరువని చేయి ఇక్కడ మరిచిందంటే వేరే కారణం తోచదు.

రెండోసారి వచ్చిన హెలికాప్టరు తలుపులో ఒక మనిషి కూర్చొని, కాళ్లు బయటికి వేలాడేసి, పొట్లం విసిరే ముందు డాబా మీద పసివాళ్లున్నారేమోనని చేత్తో పక్కకు జరగమన్నాడు. పొట్లాలు కొన్ని డాబా మీద, కొన్ని నీళ్లలో పడ్డాయి. వాటితోపాటు వచ్చిన గాలి పిట్టగోడ మీది బొమ్మను కూడా వీధిలోకి విసిరింది, దాన్ని తీయడానికి ఎవరూ చేయి చాచలేదు. ఆకలిగొన్నవారిని తప్పుపట్టే ఉద్దేశం దీనికి లేదు. చెక్కకు ఆకలి లేదు గదా.

సైన్యం సాయంతో కాలువ మూడో గండి సెప్టెంబరు 7న పూడింది. అంతవరకు పరుపుల మధ్య, గ్యాసుబండల మధ్య తేలిన బొమ్మ, నీరు తీశాక జానెడు బురదలో దిగబడింది. ఇళ్లు, వీధులు కడగడానికి అగ్నిమాపక శకటాలు వచ్చాయి. మంటలార్పే గొట్టంతో ఒక ఉద్యోగి బురదను తోస్తుంటే రంగంతా పోయి తెల్లని పొణికి బయటపడింది. అతను ఒక్క క్షణం వంగి చూసి, బూటుతో పక్కకు నెట్టి, గొట్టాన్ని తరువాతి గుమ్మం వైపు తిప్పాడు.

చెత్త ట్రాక్టరులో ఉబ్బిన పరుపుల పైన దీనికి చోటు దొరికింది. నానిన మక్కు కరిగి రెక్కల అతుకు వదులయింది. బండి సింగ్‌నగర్ వంతెన ఎక్కుతుండగా వీచిన గాలికి రెక్కలు రెండు చుట్లు తిరిగాయి. తొర్రలో మాత్రం బుడమేరు మట్టి నిండుగా ఎండి ఉంది.