అడగకుండా కొన్న మ్యాక్

2021లో నేను వాయిదాల మీద ఒక మ్యాక్‌బుక్ ఎయిర్ కొన్నాను. అది నా పనికి సరిపోదని కొనకముందే తెలుసుకునే వీలు నాకుంది. తెలిసినవాడు నా ఆఫీసులోనే ఉన్నాడు, చెప్పాడు కూడా. నేను వినలేదు. ఈ సంగతి ఇంట్లోవాళ్లకి కూడా ఇన్నాళ్లూ సగమే చెప్పాను. హయత్‌నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా త్రీడీ పని నేర్చుకుంటున్న పిల్లలు ఇంకా అదే తప్పు చేయబోతూ కనిపిస్తున్నారు కాబట్టి, మిగతా సగం కూడా చెప్పాలనిపించింది.

నా పని త్రీడీ. ఎల్బీనగర్ దాటి విజయవాడ హైవే మీద హయత్‌నగర్, పెద్దఅంబర్‌పేట వైపు వెళ్తుంటే వెంచర్ల బోర్డులు, కట్టబోయే అపార్ట్‌మెంట్ల బొమ్మలు కనిపిస్తాయి కదా, అలాంటి బొమ్మలు తయారుచేస్తాను. ప్లాన్ ఆటోక్యాడ్‌లో వస్తుంది. దాన్ని త్రీడీఎస్ మ్యాక్స్‌లో నిలబెట్టి, వీ-రేతో రెండర్ చేసి, లూమియన్‌లో వాక్‌త్రూ వీడియో తీస్తాం. తర్వాత పేజ్‌మేకర్‌లో అనూ ఫాంట్లతో తెలుగు బ్రోచర్ కూడా మేమే చేసిస్తాం. ఇంకా పునాది తీయని ఇంటికి జనం అడ్వాన్సు కట్టేది ఆ బొమ్మ చూసే. అందుకే ఈ పనంటే నాకు గౌరవం. ఆ గౌరవం పనిముట్టు కొనేటప్పుడు చూపించలేకపోయాను.

మ్యాక్‌లో విండోస్ నడుస్తుందన్న నమ్మకం నాకు ఊరికే రాలేదు. కొత్తపేటలో ఒక స్టూడియోలో పాత ఐమ్యాక్ మీద విండోస్, దాని మీద త్రీడీఎస్ మ్యాక్స్ నడవడం కళ్లారా చూశాను. అది నిజమే. 2006లో యాపిల్ తన కంప్యూటర్లలో ఇంటెల్ చిప్‌లు పెట్టడం మొదలుపెట్టింది. ఆ ఏడాదే బూట్ క్యాంప్ తెచ్చింది. దాంతో మ్యాక్‌లో ఒక భాగం విడదీసి విండోస్ వేసుకుంటే, అది మామూలు పీసీలాగే నడిచేది. మధ్యలో ఏ అడ్డూ ఉండేది కాదు, గ్రాఫిక్స్ కార్డు మొత్తం విండోస్ చేతికి వచ్చేది.

2020 జూన్ 22న యాపిల్ ఇంటెల్‌ను వదిలి సొంత చిప్‌లకు మారుతున్నట్టు ప్రకటించింది. నవంబరులో ఎం1 వచ్చింది. ఆ చిప్ ఇంటెల్ సూచనల్ని నేరుగా అర్థం చేసుకోదు, అది ఏఆర్ఎం జాతిది. దాంతో కొత్త మ్యాక్‌లలో బూట్ క్యాంప్ పోయింది. నేను కొనేనాటికే ఇదంతా బహిరంగంగా ఉన్న సమాచారం. కొత్తపేటలో నేను చూసింది ఒకప్పటి నిజం. దాన్ని ఇప్పటి నిజంగా పట్టుకుని కూర్చున్నాను.

నా దగ్గర పనిచేసే కుర్రాడు కొనేముందు అడిగాడు: "అన్నా, గిది ఎం వన్ గదా. దీంట్ల బూట్ క్యాంప్ లేదంట. మన మ్యాక్స్ నడుస్తదో లేదో ఎవర్నన్న అడుగుదమా?"

"నాకు తెల్వదా?" అన్నాను. అందరి ముందూ అన్నాను.

అతను ఇంకేం మాట్లాడలేదు. ఆ రోజు నాకు అసలు కావలసింది కంప్యూటరు కాదేమో అని తర్వాత చాలాసార్లు అనిపించింది. బిల్డర్ ఆఫీసులో బల్లమీద అది తెరిచి పెడితే నాకు విలువ పెరుగుతుందని ఆశపడ్డాను. బేస్ మోడల్ ధర అప్పట్లో 92,900 రూపాయలు. అందులో ర్యామ్ 8 జీబీ, తర్వాత పెంచుకునే వీలు లేదు. ఈ రెండు అంకెల్లో నేను మొదటిదే చూశాను.

తెచ్చాక, మ్యాక్ లోపలే విండోస్ నడిపే ప్యారలల్స్ అనే ప్రోగ్రాం వేసి, దాని లోపల ఏఆర్ఎం కోసం చేసిన విండోస్ ఎక్కించాను. మొదట తెరిచింది పేజ్‌మేకర్. 1985లో ఆ ప్రోగ్రాం పుట్టిందే మ్యాక్ మీద. మన తెలుగు డీటీపీ వాళ్లు ఇప్పటికీ విండోస్‌లో వాడే 7.0 వచ్చింది 2001లో. అంత పాత, తేలికైన ప్రోగ్రాం కాబట్టి ఇబ్బంది లేకుండా తెరుచుకుంది. "చూశావా" అన్నట్టు ఆ కుర్రాడి వైపు చూశాను. తేలికైనది నడిచిందంటే బరువైనదీ నడుస్తుందని అనుకోవడం నా రెండో తెలివితక్కువతనం.

మ్యాక్స్‌లో ఒక అపార్ట్‌మెంట్ ఫైలు తెరిచాను. ఐదంతస్తులు, బాల్కనీ రెయిలింగులు, ముందు చెట్లు, పార్కింగులో కార్లు. కెమెరా కొంచెం తిప్పితే బొమ్మ ఆగి ఆగి కదిలింది. చెట్లు ఆన్ చేస్తే మౌస్ పాయింటరే నిలిచిపోయింది. వీ-రే రెండర్ నొక్కితే పైనుంచి చిన్న చిన్న గళ్లుగా బొమ్మ విచ్చుకోవాలి. ఒక మూల కొన్ని గళ్లు నిండి, అక్కడే ఆగి, మ్యాక్స్ మూతపడింది.

లోపల జరిగేది తర్వాత అర్థం చేసుకున్నాను. ఇంటెల్ కోసం రాసిన మ్యాక్స్ సూచనల్ని విండోస్ ఎప్పటికప్పుడు ఏఆర్ఎం సూచనలుగా మార్చాలి. బొమ్మ గీయమని మ్యాక్స్ డైరెక్ట్‌ఎక్స్‌లో ఇచ్చే ఆజ్ఞల్ని ప్యారలల్స్ యాపిల్ వారి గ్రాఫిక్స్ పద్ధతి మెటల్‌లోకి మార్చాలి. పైగా ఉన్న 8 జీబీని రెండు సిస్టమ్‌లు పంచుకోవాలి. ఉత్తరం రాయడానికి ఈ మార్పిడి భారం తెలియదు. సెకనుకు లక్షల త్రిభుజాలు గీయాల్సినప్పుడు తెలుస్తుంది. ఇక అప్పట్లో వీ-రేను గ్రాఫిక్స్ కార్డు మీద వేగంగా నడపాలంటే కావలసింది ఎన్విడియా కార్డు. ఎం1 మ్యాక్‌కి బయటినుంచి కూడా ఆ కార్డు తగిలించే వీలు ఉండేది కాదు. లూమియన్‌కి విండోస్ పీసీ, అందులో గట్టి గ్రాఫిక్స్ కార్డు ఉండాలని తయారీదారులే రాసిపెట్టారు. నేను చదవలేదు.

అక్కడితో ఒప్పుకుని ఉంటే పోయేది డబ్బే. ఒప్పుకోలేదు. దసరాకి ఒక వెంచర్ లాంచింగ్ ఉంది, వాక్‌త్రూ ఇస్తానని మాటిచ్చాను. సెట్టింగులు మారుస్తూ, చెట్లు తీసేస్తూ, టెక్స్‌చర్లు తగ్గిస్తూ రాత్రిళ్లు కూర్చున్నాను. పాత డెస్క్‌టాప్‌ని అప్పటికే మ్యాక్ కోసం అమ్మేసి ఉన్నాను. బిల్డర్ ఫోన్ చేస్తే "అయిపోవస్తోంది" అన్నాను. అది అబద్ధం. చివరికి ఆ కుర్రాడే ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, చైతన్యపురిలో స్నేహితుడి అసెంబుల్డ్ పీసీ మీద రాత్రంతా కూర్చుని రెండర్ చేసుకొచ్చాడు. అప్పటికీ ఆలస్యమే అయింది. బిల్డర్ కోపగించుకోలేదు. "ముందే చెప్తే వేరేవాళ్లతోని చేపిచ్చుకుంటుంటి గదా సార్" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఇంట్లో మా అబ్బాయికి ఇంకో మాటిచ్చాను, వాలరెంట్ ఆడుకోవచ్చని. ఆ ఆటకి వాన్‌గార్డ్ అనే కాపలా ప్రోగ్రాం ఉంటుంది. మోసం చేసి ఆడేవాళ్లని పట్టుకోవడానికి అది విండోస్ లోతుల్లోకి దిగి కూర్చుంటుంది. కంప్యూటరు లోపల పెట్టిన కంప్యూటరులో దాన్ని నడవనివ్వరు. మ్యాక్ కోసం ఆ ఆట తయారుచేయలేదు. ఎంత ఖరీదైన మ్యాక్ అయినా జవాబు అదే. వాడు గొడవ చేయలేదు, మళ్లీ అడగడం మానేశాడు. అడగడం మానేసిన పిల్లవాణ్ణి చూస్తే తండ్రికి కలిగే బాధ నాకు అప్పుడు తెలిసింది.

మ్యాక్‌ని తప్పు పట్టను. ఆ తర్వాత పరిస్థితి చాలా మెరుగైంది కూడా. 2023 ఫిబ్రవరిలో ప్యారలల్స్ ద్వారా యాపిల్ చిప్‌ల మీద విండోస్ 11 వాడుకోవడానికి మైక్రోసాఫ్ట్ అధికారికంగా ఒప్పుకుంది. అదే ఏడాది జూన్‌లో యాపిల్ గేమ్ పోర్టింగ్ టూల్‌కిట్ విడుదల చేశాక, డైరెక్ట్‌ఎక్స్ 12 ఆటలు కూడా, విండోస్ ప్రోగ్రాంలని మ్యాక్‌లో నడిపే క్రాస్‌ఓవర్ లాంటి వాటిలో నడవసాగాయి. బాల్డర్స్ గేట్ 3, సైబర్‌పంక్ 2077 నేరుగా మ్యాక్‌కే వచ్చాయి. బ్లెండర్ మెటల్ మీద చక్కగా పనిచేస్తుంది. ఆటోక్యాడ్‌కి, స్కెచప్‌కి మ్యాక్ రూపాలున్నాయి. త్రీడీఎస్ మ్యాక్స్, రెవిట్ మాత్రం ఈనాటికీ విండోస్‌కే. పైగా ఇంటెల్ మ్యాక్‌ల కోసం రాసిన ప్రోగ్రాంలని కొత్త చిప్‌ల మీద నడిపించే రొసెట్టాని కూడా పూర్తిస్థాయిలో మ్యాక్ ఓఎస్ 27 వరకే ఉంచుతామని 2025లో యాపిల్ చెప్పేసింది. ఆ తర్వాత కొన్ని పాత ఆటల కోసమే మిగులుతుంది. ఈ మధ్యవర్తి ప్రోగ్రాంల మీద బతుకుతెరువు పెట్టుకోకూడదు.

చివరికి సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీకి వెళ్లి ఎన్విడియా కార్డుతో ఒక డెస్క్‌టాప్ అసెంబుల్ చేయించాను. ఈసారి ఏ కార్డు, ఎంత ర్యామ్ అన్నది ఆ కుర్రాడే నిర్ణయించాడు. ఆ రోజు అందరి ముందూ అతన్ని తీసిపారేశాను కాబట్టి, క్షమించమని కూడా అందరి ముందే అడిగాను. మ్యాక్ ఇప్పటికీ వాడుతున్నాను. ఫొటోలు, వీడియో ఎడిటింగ్, క్లయింటుకు చూపించడం, ఇవన్నీ అది బాగా చేస్తుంది.

కంప్యూటరు కొనబోయే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి, వాళ్లకి డబ్బు కట్టబోయే అమ్మానాన్నలకి నాదొక మనవి. ముందు కాగితం మీద మీరు వాడే ప్రోగ్రాంల పేర్లు, ఆడే ఆటల పేర్లు రాసుకోండి. ఒక్కోదానికి ఏ సిస్టమ్, ఏ కార్డు, ఎంత ర్యామ్ కావాలో తయారీదారు రాసింది చదవండి. అదే పని అదే మోడల్ మీద ఇప్పుడు చేస్తున్న మనిషిని వెతికి, మీ ఫైలు ఆయన ముందే తెరిచి చూడండి. అడగడానికి సిగ్గుపడకండి. మీకంటే చిన్నవాడు చెప్పినా వినండి.