యాభై అంటే అమృతం

2024 సెప్టెంబరు, విజయవాడ వరదల నాటి మాట. బుడమేరు వాగు మా కాలనీలోంచి పోతూ పోతూ ప్రతి చొక్కా జేబులో ఓ పెన్ను పెట్టి పోయింది. దాంతో సంతకం పెట్టలేం. నీళ్ళలో ముంచాలి, అంకె చూడాలి, గటగటా తాగెయ్యాలి. పూర్వం గంగాజలం చల్లుకునేవాళ్ళు. దానికి బ్యాటరీ ఖర్చయినా ఉండేది కాదు.

మొన్న నీళ్ళ క్యాన్ల కుర్రాడు మా పక్కింటి మాస్టారి గుమ్మంలోనే పెన్ను ముంచి టీడీఎస్ చూపించాడు. "యాభై సార్! అమృతం!" మాస్టారు కళ్ళకద్దుకోవడం ఒక్కటే తక్కువ. క్యాన్ మెడ చుట్టూ పచ్చటి పాచి. అది ఉన్నా లేనట్టేనట, అంకె యాభై కదా! ఆ క్యాన్లు నింపే ప్లాంటు సంపు వారం రోజులు బుడమేరులోనే మునిగుంది. కడిగారా అని అడిగితే "మోటారు కొత్తది వేశాం సార్" అన్నాడు.

ఆ పెన్ను కొలిచేది నీళ్ళలో కరిగిన లవణాల్ని, అదే టీడీఎస్. క్రిములు దాని శాఖ కాదు. వాన నీళ్ళలో లక్ష కలరా క్రిముల్ని వదిలినా అంకె కదలదు. నమ్మరేమోనని నేనూ ఓ పెన్ను అరువు తెచ్చి ప్రహరీ పక్క గుంటలో ముంచాను. నలభై ఎనిమిది! అమృతం కంటే రెండు తక్కువ. మాస్టారికి చూపించి "ఓ గ్లాసు పుచ్చుకుంటారా?" అన్నాను. అప్పట్నుంచీ ఆయన నాతో మాట్లాడటం మానేశారు.

ఇక కార్పొరేషన్ ట్యాంకరొస్తే ముక్కులు మూసుకుంటారు, బ్లీచింగ్ కంపని. క్లోరిన్ బిళ్ళలిస్తే ఒకావిడ చీమలు రాకుండా గడప దగ్గర పెట్టింది.

సింగ్‌నగర్‌లో, వాంబే కాలనీలో జనం డాబాల మీద గుక్కెడు నీళ్ళ కోసం డ్రోన్ల వంక చేతులు చాచి పది రోజులైనా కాలేదు. అప్పుడే ట్యాంకరు నీళ్ళతో వసారాలో బురద కడుగుతున్నారు! సిగ్గనిపించడం లేదా? ఆ కంపే కదయ్యా మీ ప్రాణానికి కాపలా. కుళాయి చివర కూడా లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలన్నారు, వరదల్లో 0.5 ఉండాలన్నారు, ఊరికే అన్నారా? ప్లాంటులో బొగ్గు ఫిల్టరు ఆ కాస్త క్లోరిన్నీ లాగేస్తుంది. తర్వాత క్యాన్లో ఏం పడ్డా అడిగే దిక్కుండదు. మేలో మొగల్రాజపురంలో కుళాయి నీళ్ళు తాగి జనం జబ్బుపడ్డది మర్చిపోయావా అంటారు. మర్చిపోలేదు. కుళాయిని అనుమానించండి, కార్పొరేషన్‌ని నిలదీయండి, నేనూ వస్తాను. కానీ అనుమానమొస్తే నీళ్ళు మరగకాచాలి, లేదా బిళ్ళ వేసి అరగంట ఆగాలి. పెన్ను ముంచడమేమిటి? మిమ్మల్ని చూసి మా వీధి చివర పాకల వాళ్ళూ ట్యాంకరు నీళ్ళొద్దంటున్నారు. క్యాన్ కొనే స్తోమత లేక చేతిపంపుకి పోతున్నారు. ఆ పంపు నిన్నమొన్నటి దాకా వరదలో తల కూడా కనపడకుండా ఉంది.

నిన్నట్నుంచి మాస్టారింట్లో ముగ్గురికి విరేచనాలు. ఆశా కార్యకర్త ఓఆర్‌ఎస్ ప్యాకెట్లిచ్చి వెళ్ళింది. క్యాన్ నీళ్ళలో కలిపి, అలవాటుగా పెన్ను ముంచారట. అంకె వేలల్లోకి పోయేసరికి హడలిపోయి గ్లాసుడూ పారబోశారట.