చదవకుండా నొక్కిన ‘సరే’

ఎమ్మిగనూరులో ఒక చేనేత చీరల అంగడికి వెబ్‌సైటు కట్టిచ్చాను. ఆదోనిలో కూర్చుని దాని బాగోగులు చూసేదీ నేనే. రెండు ఊర్లకూ నడుమ 30 కిలోమీటర్లుంటుంది. ఫైళ్ళు మాత్రం ఈ ఊర్లోనూ లేవు, ఆ ఊర్లోనూ లేవు; ఎక్కడో సర్వర్లో ఉన్నాయి. వాటిని నా బల్ల మీదే ఉన్నట్టు చూపించే ప్రోగ్రామ్ విన్‌ఎస్‌సిపి. ఎడమవైపు నా కంప్యూటరు, కుడివైపు సర్వరు. చెక్ దేశపు మార్టిన్ ప్రిక్రిల్ 2000లో మొదలుపెట్టిన ఈ ప్రోగ్రామ్ ఇవాళ్టికీ ఉచితంగానే దొరుకుతోంది. దాంట్లో లోపమేమీ లేదు. చేసిందంతా నేనే.

మొదట్లో ఫైళ్ళు పంపే పాత పద్ధతి ఎఫ్‌టిపితోనే నెట్టుకొచ్చాను. 1971లో దానికి మొదటి నియమాలు రాసింది మన దేశస్థుడే, అలహాబాదులో పుట్టి కాన్పూర్ ఐఐటీలో చదివి ఎంఐటీకి వెళ్ళిన అభయ్ భూషణ్. అప్పట్లో నెట్‌వర్కు వాడేది కొద్దిమంది పరిశోధకులే, పాస్‌వర్డు ఏ ముసుగూ లేకుండా తీగ మీద పోతున్నా భయపడాల్సిన పని లేదు. నేను చేసిందేమిటంటే, ఎవరెవరో వాడే వైఫై మీద అంగడివారి పాస్‌వర్డును అలాగే పంపుతూ వచ్చాను. హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్కులో ఇలాగే ఎవరో పొంచి పాస్‌వర్డులు పట్టుకుంటేనే, 1995లో అక్కడి పరిశోధకుడు టాటు ఇలోనెన్ అన్నిటికీ ముసుగు వేసి పంపే ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. నెట్‌వర్కులో ఒక్కో పనికి ఒక్కో పోర్టు సంఖ్య ఉంటుంది: 21 ఎఫ్‌టిపిది, 23 టెల్‌నెట్‌ది. నడుమ ఖాళీగా ఉన్న 22ను అడిగి తీసుకున్నాడు. విన్‌ఎస్‌సిపి ఫైళ్ళు పంపడానికి వాడే ఎస్‌ఎఫ్‌టిపి ఆ దారినే నడుస్తుంది. పేరు కలిసిందే కానీ పాతదానితో దానికి చుట్టరికం లేదు.

ఇది తెలిశాక విన్‌ఎస్‌సిపికి మారాను కానీ నా అలవాటు మారలేదు. మొదటిసారి సర్వరును కలిపినప్పుడు అది ఒక పొడవాటి అక్షరాల వరస చూపించి, ఈ యంత్రం మీరనుకున్నదేనా అని అడిగింది. సర్వరువాళ్ళు ఇచ్చిన వరసతో పోల్చి చూసుకుని ఒప్పుకోవాలి. నేను పోల్చలేదు, సరే అని నొక్కాను. కొన్నాళ్ళకు ఆ వరస మారిందని గట్టిగానే హెచ్చరించింది. అప్పుడూ నొక్కాను. వాళ్ళు యంత్రం మార్చారు కాబట్టి ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే నన్ను చెడగొట్టింది. ఆ పెట్టెలో ఏముందో చదవాల్సిన పని లేదని నా చేతికి అలవాటైపోయింది.

ఆ తర్వాత రెండు వైపులనూ సమానం చేసే పని పెట్టుకున్నాను. అంగడివాళ్ళ అబ్బాయి కొన్ని నెలలుగా కొత్త చీరల ఫోటోలు నేరుగా సర్వర్లోకి ఎక్కిస్తున్నాడు. నా దగ్గరున్నది పాత నకలు. దిశ నా కంప్యూటరు నుంచి సర్వరు వైపు పెట్టాను. ఇటు లేనివి అటు తుడిచేయమనే గడిలో టిక్కు కూడా పెట్టాను. ఏ ఫైలు పోతుందో, దేని మీద పాతది వచ్చి పడుతుందో, మొదలుపెట్టే ముందే అది వరసగా రాసి చూపించింది. కిందికి జరిపి చూసినా తెలిసేది. జాకార్డు అట్టల వరస సరిచూసుకోకుండా ఏ నేతగాడూ మగ్గం ఎక్కడు. నేను ఆ జాబితా చూడకుండానే సరే అన్నాను.

సాయంత్రం అంగడాయన ఫోన్ చేశాడు.

“ఏమప్పా, కొత్త చీరల బొమ్మలు ఒకటీ కనపడ్తాలేవే? రేట్లు కూడా పాతవే వచ్చినాయి.”

“నేనే తుడిచేసినా అన్నా. చూసుకోలేదు.”

“అవన్నీ అమ్ముడుపోయిన చీరలప్పా. మళ్ళా యాడనుంచి తెద్దాం?”

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. మాచాని సోమప్పగారు 1938లో నేతగాళ్ళకోసం సహకార సంఘం పెట్టిన ఊరది. అక్కడ ఒక అంచు, ఒక కొంగు కుదరడానికి ఎంత పని పడుతుందో చూసినవాణ్ణే. చీర చేతులు మారాక ఆ అల్లికకు అంగడిలో మిగిలే గుర్తు ఆ ఫోటో ఒక్కటే.

సర్వర్లో తుడిచింది చెత్తబుట్టలోకి పోదు. పోయేలా ముందే ఒక ఫోల్డరు చూపించే వీలు విన్‌ఎస్‌సిపి అమరికల్లో ఉంది, నేను పెట్టుకోలేదు. నెలకు కాస్త కడితే సర్వరువాళ్ళు నకళ్ళు తీసి ఉంచుతారు. ఆ ఖర్చు దండగని అంగడాయనకు చెప్పిందీ నేనే. నేను తెలిసినవాణ్ణని నమ్మి ఆయన సరేనన్నాడు. అన్నిట్లోకీ నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

ఇప్పుడు ఆ నకళ్ళకు డబ్బు నేనే కడుతున్నాను. చెత్తబుట్ట ఫోల్డరు పెట్టాను. తుడిచే గడిలో టిక్కు తీసేసి, జాబితా మొత్తం చదివాకే పని మొదలుపెడుతున్నాను. అబ్బాయి ఫోన్లో మిగిలిన ఫోటోలు కొన్ని దొరికాయి. తక్కినవాటికోసం బిల్లు పుస్తకాలు ముందేసుకుని, ఆ చీరలు కొన్నవాళ్ళకు ఒక్కొక్కరికే ఫోన్ చేస్తున్నాం. కర్నూలు, బళ్ళారి, రాయచూరు నుంచి కొందరు ఆడవాళ్ళు బీరువాలోంచి చీర తీసి, కొంగు పరిచి ఫోటో పంపారు. ఇంకా చాలామందిని అడగాలి.