కడలి పక్క గదియె: సటీకా తాత్పర్యం

మూలం

ఆ.వె.
కడలి పక్క గదియె, గాలి లేకుండాలి,
సందడుండవలయు, సద్దు వలదు,
పొద్దు కుంకు చోటు, పూటకూళ్లును చౌక,
ఏది మారిషసున నిట్టి దిక్కు?

అవతారిక

మారిషస్‌కు టికెట్లు కొనేదాకా ఏ కుటుంబంలోనూ తగువు రాదు. గది ఎక్కడ తీసుకోవాలన్న దగ్గర మొదలవుతుంది. అమ్మమ్మగారికి గాలి పడదు. అల్లుడుగారికి మంచం దిగితే నీళ్లలో కాలు పడాలి. పిల్లలకు రాత్రి తిరగడానికి బజారు కావాలి. డబ్బు కట్టే మామగారికి చౌక కావాలి. ఈ కోరికలన్నీ ఎవరో ఆటవెలదిలో బిగించి ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు. కర్త ఎవరో తేలలేదు గానీ పద్యం కింద బొటనవేళ్లు మాత్రం బోలెడు. గణాలు సరిపోయాయి, యతులూ సరిపోయాయి. సరిపోనిది అర్థమొక్కటే కనుక వ్యాఖ్యానం తప్పింది కాదు.

ప్రతిపదార్థం

కడలి పక్క = సముద్రాన్ని ఆనుకొని; గదియె = గది మాత్రమే (విల్లా అడగలేదని గమనించగలరు); గాలి లేకుండాలి = గాలి వీచరాదు; సందడి = మనం చేసేది; ఉండవలయు = తప్పక ఉండాలి; సద్దు = అదే పని పక్కవాళ్లు చేస్తే; వలదు = కూడదు; పొద్దు కుంకు చోటు = సూర్యాస్తమయం బాల్కనీలోంచి కనిపించే తావు; పూటకూళ్లును = తిండీతిప్పలు కూడా; చౌక = (దీనికి ఇంటిల్లిపాదీ తలో అర్థం చెబుతారు, కార్డు ఎవరిదో వారి అర్థమే ప్రమాణం); మారిషసున = మారిషస్ ద్వీపంలో; ఇట్టి దిక్కు = ఇన్ని లక్షణాలూ ఒకచోట గల మూల; ఏది = ఎక్కడ?

తాత్పర్యం

ఓ బుకింగు చేయువాడా! అలలు వినిపించాలి గానీ తలుపు కొట్టుకోకూడదు. ఊరు దగ్గరుండాలి గానీ ఊళ్లోవాళ్లు దగ్గరుండకూడదు. సాయంత్రం సూర్యుడు మన ఎదురుగానే మునగాలి, ఆ పూట భోజనం బిల్లు మనల్ని ముంచకూడదు. మారిషస్‌లో ఇలాంటి మూల ఉంటే చెప్పు, లేకపోతే వెతుకు అని భావం.

విశేషాలు

గాలి లేకుండాలి: పద్యానికి ప్రాణం ఈ మాట. క్రమం తప్పి ముందుగా దీన్నే ఎత్తుకోవడానికి కారణం, ఇది తేలితే తక్కినవి సగం తేలిపోతాయి. మారిషస్ దక్షిణార్ధగోళంలో, మకరరేఖకు కొద్దిగా ఉత్తరాన ఉంది. అక్కడ వ్యాపార పవనాలు ఏడాది పొడుగునా ఆగ్నేయం నుంచే వస్తాయి. మనకు వానలు పడే జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాళ్లకు చలికాలం. గాలి జోరంతా అప్పుడే. తూర్పు, దక్షిణ తీరాలు ఆ గాలికి రొమ్ము ఎదురొడ్డి నిలబడతాయి. పడమటి తీరం కొండల చాటున దాక్కుంటుంది. వాయవ్యానికీ ఆ చాటు కొంత దక్కుతుంది.

ఇక్కడ వాస్తు తెలిసినవారికి ఒక చిక్కు. మన శాస్త్రంలో వాయుదేవుడిది వాయవ్యం, అగ్నిహోత్రుడిది ఆగ్నేయం. ఈ ద్వీపంలో గాలి అగ్ని మూల నుంచి బయల్దేరుతుంది, వాయువు మూలకు చేరేసరికి అలిసిపోతుంది. అంతేకాదు, జూలై మధ్యాహ్నం అక్కడ సూర్యుడు ఉత్తరాన నిలబడతాడు. ఎండ కావాలంటే ఉత్తరం బాల్కనీ అడగాలి. సిద్ధాంతిగారిని అడిగి గది తీసుకుందామనుకునేవారు ఆ ఆలోచన శంషాబాద్‌లోనే వదిలి విమానం ఎక్కడం మేలు.

గాలి అంటే ఏపాటి గాలి అని సందేహం రావచ్చు. తూర్పున బెల్ మార్ ఉంది. తెల్లటి ఇసుక, పచ్చని నీళ్లు, ద్వీపంలో ఇంత పొడుగు బీచ్‌లు తక్కువ. ఫొటోలో గాలి పడదు కనుక ఇది ఎప్పుడూ ప్రశాంతంగానే కనిపిస్తుంది. ఆగస్టులో అక్కడ బాల్కనీ రెయిలింగు మీద తువ్వాలు ఆరేస్తే లోపలికెళ్లి కాఫీ కలుపుకొచ్చేలోగా అది సరుగుడు కొమ్మకు చుట్టుకొని ఉంటుంది. ఆ సరుగుడు తోపులు (అవును, మన చీరాల, బాపట్ల తీరంలో ఉండే సరుగుళ్లే) రాత్రంతా ఒకటే హోరు. దాన్ని వాన అనుకొని లేచి కిటికీలు మూసేవారున్నారు. ఇసుక చెవుల్లోకి వస్తుంది, పెరుగన్నంలోకీ వస్తుంది. అమ్మమ్మగారు మఫ్లరు అడుగుతారు.

అలాగని తూర్పును తీసిపారేస్తే పండితుడికి అన్యాయం చేసినట్టు. ఎందుకంటే ఇదే పాదానికి ఒక పాఠాంతరం ఉంది:

కడలి పక్క గదియె, గాలి కావాలయ్య

గణాల్లో దోషం లేదు, యతీ చెడలేదు. ఇది జనవరి పాఠం. డిసెంబరు నుంచి మార్చి దాకా అక్కడ ఉక్కపోత వేసవి. అప్పుడు పడమటి తీరంలో మధ్యాహ్నం మూడింటికి ఆకు కదలదు. ఏసీ పుణ్యాన బతకాల్సిందే. అదే వేళకు బెల్ మార్‌లో ఆ పాత గాలే, జూలైలో తిట్టించుకున్న గాలే, ఒంటికి హాయిగా తగులుతుంది. కనుక మొదటి పాఠం సాధువా, రెండోది సాధువా అన్న చర్చ వృథా. టికెట్ మీద నెల చూసి పాఠం నిర్ణయించాలి. జనవరి నుంచి మార్చి దాకా తుపాన్ల భయం కూడా ఉంటుందని, ఆ భయానికి దిక్కుల భేదం లేదని ఉపవ్యాఖ్య.

కడలి పక్క: ఈ మాటను హోటళ్లవాళ్లు రకరకాలుగా వ్యాఖ్యానిస్తారు. ‘బీచ్‌కు రెండు నిమిషాలు’ అంటే మధ్యలో తారురోడ్డు ఉందని అర్థం. ‘సీ వ్యూ’ అంటే కుర్చీ మీద నిలబడితే అని అధ్యాహారం చేసుకోవాలి. గది ఎంత దూరం అన్నది అంతవరకే. ఆ కడలి ఎలాంటిది అన్నదే అసలు విచారణ. ద్వీపం చుట్టూ దాదాపుగా పగడపు దిబ్బ ఒడ్డాణంలా ఉంది. అలలు దూరాన దాని మీదే విరిగిపోతాయి, అక్కడొక తెల్లగీత కనిపిస్తుంది. ఇవతల లగూన్‌లో నీళ్లు చాలాచోట్ల నడుముదాకానే. మన తీరంలో పిల్లల చెయ్యి వదలని తల్లులు కూడా అక్కడ కాస్త వదులుతారు. దక్షిణాన సూయాక్ దగ్గర గ్రీ గ్రీ అనే చోట ఈ ఒడ్డాణం తెగింది. సముద్రం నేరుగా వచ్చి నల్లరాతి గట్టును మోదుతుంది. చూడ్డానికి దానంత అందమైన చోటు ద్వీపంలో లేదని నా అభిప్రాయం. కాలు పెట్టడానికి మాత్రం పనికిరాదు. దక్షిణాన ‘కడలి పక్క’ అంటే కన్నులకు అని, పడమర, ఉత్తరాల్లో ఒంటికి అని భేదం గ్రహించాలి.

సందడుండవలయు, సద్దు వలదు: సందడికి వాయవ్యాన గ్రాండ్ బే ప్రసిద్ధి. అంగళ్లు, భోజనశాలలు, పడవలు, సూపర్‌మార్కెట్టు, రాత్రి పాటలు. పక్క వీధిలో గది తీసుకున్నవాడికి ఆ పాటలన్నీ నోటికొస్తాయి. కవి హృదయం ఎరిగినవారు అక్కడ దిగరు. కాస్త కిందికి జరిగి త్రూ ఓ బిష్‌లోనో మాన్ షువాజీలోనో దిగి, సాయంత్రం గ్రాండ్ బేకి వెళ్లి సందడి చేసి, సద్దును అక్కడే వదిలి వస్తారు. విరుద్ధంగా కనిపించే రెండు కోరికల మధ్య కొద్దిపాటి కారు ప్రయాణం పెడితే అన్వయం కుదురుతుంది.

అయితే ఆదివారం మినహాయింపు. నీటి అంచు ఎవరి సొత్తూ కాదు, బీచ్‌లు జనానివి. ఆదివారం పొద్దున్నే కార్లు సరుగుడు నీడకు చేరతాయి. డిక్కీలోంచి బిర్యానీ గిన్నె, చాప, మడత కుర్చీలు, ముసలాయన, గొడుగు అదే వరసలో దిగుతారు. మధ్యాహ్నానికి రవాన్ డప్పు మొదలవుతుంది, సేగా పాట అందుకుంటుంది. నడివయసు ఆడవాళ్లు కుర్చీలోంచి లేవకుండానే నడుము కదుపుతారు. ఇది సందడా, సద్దా అన్నది మనల్ని రెండు ముద్దలు తినమన్నారా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

తూర్పున సమస్య ఇందుకు విరుద్ధం. రిసార్టు గేటు దాటితే చెరుకుతోట. చెరుకుతోట దాటితే ఇంకో చెరుకుతోట. పొద్దుగూకాక బస్సులు కూడా పలచబడతాయి.

పొద్దు కుంకు చోటు: దీనికి టీక అక్కర్లేదు. పొద్దు పడమట కుంకుతుంది, పడమటి తీరానికి వెళ్లాలి. ఫ్లిక్ అన్ ఫ్లాక్, టమారిన్, ఆ చివర లె మోర్న్. తూర్పున గది తీసుకొని సూర్యాస్తమయం ఏదని రిసెప్షన్‌లో అడిగేవారి కోసమే ఈ రెండు ముక్కలు. వారికి సూర్యోదయం ఉచితంగా లభిస్తుంది. లె మోర్న్ విషయంలో మాత్రం ఒక హెచ్చరిక. పడమటి తీరమే కదా, గాలి ఉండదని నమ్మి వెళ్తారు. అది నైరుతి మూల. గాలి కొండ కొసను చుట్టి అటు తిరుగుతుంది. గాలిపటం కట్టుకొని నీళ్ల మీద తేలేవాళ్లు లోకం నలుమూలల నుంచి అక్కడికి చేరేది అందుకే. ఆ 556 మీటర్ల కొండ ఒకప్పుడు పారిపోయిన బానిసలకు ఆశ్రయం. 2008లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. దాని కింద బీచ్ కుర్చీలో పడుకొని గాలి ఎక్కువైందని సణగడానికి కొంచెం ధైర్యం కావాలి.

పూటకూళ్లును చౌక: రిసార్టులో రాత్రి భోజనం ధరను మన రూపాయల్లోకి మార్చి చూడరాదని పెద్దల వాక్యం. చౌక తిండి రోడ్డు పక్కన ఉంది. ధోల్ పూరీ అంటారు. పూరీ అని పేరే గానీ నూనెలో వేగదు, పెనం మీద కాలుతుంది. మన బొబ్బట్టు బెల్లం మానేస్తే ఇలాగే ఉండేది. లోపల బఠాణీ పప్పు పొడి, పైన చిక్కుడు గింజల కూర, టమాటా రుగాయ్, పచ్చిమిర్చి పచ్చడి. ఎప్పుడూ జంటగానే ఇస్తారు, కాగితంలో చుట్టి. కాగితం తడిసి కూర మోచేతి దాకా కారేలోపు తినాలి. శాకాహారులకు ఇంతకు మించిన అభయం లేదు. బండి అందుబాటులో ఉండాలంటే ఊరు ఉండాలి, ఊరు ఉండాలంటే ఉత్తరమో పడమరో వెళ్లాలి. ఫ్లిక్ అన్ ఫ్లాక్‌లో వంటిల్లున్న ఫ్లాట్లు అద్దెకు దొరుకుతాయి. చారు కాచుకోవాలనుకునే అమ్మమ్మలకు అది వేరే స్వర్గం.

మారిషసున: పూర్వపక్షం ఒకటుంది. పెదనాన్నగారిది. ‘ద్వీపమంతా కలిపి పొడుగు 65 కిలోమీటర్లు, అడ్డం 45. ఎక్కడుంటే ఏం? నడిమధ్యన ఉంటే అన్ని బీచ్‌లూ సమానదూరం, గదీ చవక’ అని. తర్కం నిర్దుష్టం. ఆ తర్కాన్ని పట్టుకొని వెళ్తే క్యూర్‌పీప్ తేలుతుంది. అది పీఠభూమి మీద, సముద్రమట్టానికి సుమారు 550 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. చలి, ముసురు, గొడుగు. కింద టమారిన్‌లో ఎండ కాస్తున్నప్పుడు పైన స్వెట్టరు వేసుకుంటారు. అన్ని బీచ్‌లూ సమానదూరమన్నది నిజమే, అంటే ఏదీ దగ్గర కాదు. ‘కడలి పక్క’ అన్న మొదటి మాటకే భంగం వచ్చింది కనుక పూర్వపక్షం చెల్లదు. ఇక కిలోమీటర్ల లెక్క అసలే నమ్మరాదు. గ్రాండ్ బే నుంచి లె మోర్న్‌కు గంటన్నర దాకా పడుతుంది. పోర్ట్ లూయిస్ మీదుగా ఆఫీసువేళ వెళ్తే అమీర్‌పేట గుర్తొస్తుంది.

ఇట్టి దిక్కు: ఈ ద్వీపంలో దిక్కు ఎంచుకొనే యోగం అందరు తెలుగువాళ్లకూ పట్టలేదు. 1834 నుంచి 1920 దాకా దాదాపు 5 లక్షలమంది ఒప్పంద కూలీలు పోర్ట్ లూయిస్‌లో దిగారు. వాళ్లు ఎక్కిన మెట్లు ఆప్రవాసీ ఘాట్ పేరుతో ఇప్పటికీ ఉన్నాయి. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద మనవాళ్లకు కోరంగివాళ్లన్న పేరు పడింది. వాళ్లు తూర్పా పడమరా అని అడగలేదు. చెరుకుతోట ఎటుంటే అటు. గాలి మంచిదా కాదా అన్నది తోట దొర బంగళాకు సంబంధించిన విచారం. వాళ్ల మునిమనవల పుణ్యాన ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. ఆ సెలవు చూసుకొని టికెట్లు కొంటే పచ్చడి తోడు తీసుకెళ్లక్కర్లేదని కోశకారుల మతం.

ఇంకొక మాట. విమానాశ్రయం సరిగ్గా ఆగ్నేయాన, మాహెబూర్ దగ్గర ఉంది. ఉత్తరాన దిగినవారు తెల్లవారుజాము విమానానికి అర్ధరాత్రి దాటగానే లేవాలి. చివరి రాత్రికి బ్లూ బేలో వేరే గది తీసుకుంటే నిద్రా దక్కుతుంది, ద్వీపంలోకెల్లా తేటైన నీళ్లూ దక్కుతాయి. గాలి ఉంటుంది. ఒక్క రాత్రికి అమ్మమ్మగారు సర్దుకుంటారు.

అలంకారం: అతిశయోక్తి అని కొందరన్నారు. కాదు, విరోధాభాస అని నా మతం. విరోధం ఉన్నట్టు తోచి, విచారిస్తే తీరిపోవాలని దాని లక్షణం. జూలైలో ఫ్లిక్ అన్ ఫ్లాక్ అనగానే గాలి, పొద్దు, తిండి మూడూ ఒకచోట కూర్చుంటాయి. సందడీ మితంగానే ఉంటుంది. విరోధం తీరింది, అలంకారం నిలిచింది. ఈ పద్యాన్నే డిసెంబరు చివరి వారానికి అన్వయిస్తే మాత్రం ‘చౌక’ అన్న పదం ఏ దిక్కుకు తిప్పినా పొసగదు. అక్కడ అది ఆభాస కాదు, అచ్చమైన విరోధం. మామగారికి ఆ సంగతి ముందే చెప్పి బుక్ చేయాలి.